‘ఫార్మాట్ కొట్టడానికి’ ముందు: పార్టిషన్ పోయిన ల్యాప్‌టాప్‌లో నిజంగా పోయిందేమిటి?

మా బావగారికి తెనాలిలో చిన్న డీటీపీ దుకాణం ఉంది. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు కంపోజ్ చేసి ప్రెస్సుకు పంపడం ఆయన పని. ఆ పనికి వాడే ల్యాప్‌టాప్ ఏడేళ్ల నాటిది. అందులో ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్, విండోస్ 10, 150 జీబీల సీ డ్రైవ్, దాదాపు 780 జీబీల డీ డ్రైవ్ ఉండేవి. సీ డ్రైవ్ నిండిపోయి గీత ఎర్రబడిందని, ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనకోడలు డీలో ఖాళీగా పడి ఉన్న జాగాలో కొంత సీకి కలపాలని ఒక ఆదివారం కూర్చుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి డీని కుదించబోయే ముందే చూస్తే, సీకీ డీకీ మధ్య పేరూ అక్షరమూ లేని పార్టిషన్ (డిస్క్‌ను చీల్చిన ముక్క) ఒకటి అడ్డుగా ఉంది. స్నేహితురాలి దగ్గరున్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అంటే డిస్క్‌లోని విండోస్‌తో కాకుండా దానితో ల్యాప్‌టాప్‌ను మొదలుపెట్టి, అందులోని పార్టిషన్ టూల్‌తో దాన్ని తీసేసింది. పనిలో పనిగా డిస్క్ మొదట్లో ఉన్న 260 ఎంబీల మరో పేరులేని ముక్కనూ తీసేసింది. రీస్టార్ట్ చేస్తే, బూట్ కావడానికి ఏ డిస్కూ దొరకలేదన్న ఒక్క వాక్యం నల్లటి తెర మీద వచ్చి నిలిచింది.

దగ్గరలోని దుకాణంలో చూపిస్తే అక్కడి కుర్రాడు తెర వంక ఒకసారి చూసి, ‘విండోస్ పోయిందండీ, ఫార్మాట్ కొట్టి కొత్తది ఎక్కించాలి’ అన్నాడు. అతను తన పెన్‌డ్రైవ్‌ను పాత పద్ధతిలో బూట్ చేయడంతో, ఎంచుకున్న డిస్క్ జీపీటీ (పార్టిషన్ల లెక్క రాసే కొత్త పద్ధతి) తరహాకు చెందినది కనుక దాని మీద విండోస్‌ను ఇన్‌స్టాల్ చేయడం కుదరదన్న సందేశం వచ్చింది. పార్టిషన్లన్నీ తీసేస్తే ఆ సందేశం పోతుందన్నది దుకాణాల్లో అలవాటుగా అబ్బే విద్య. అతను డీ డ్రైవ్‌ను డిలీట్ చేసి, సీ మీదికి రాబోతుండగా బావగారు చెయ్యి అడ్డుపెట్టి నాకు ఫోన్ చేశారు.

ఆ నిమిషానికి ఆ ల్యాప్‌టాప్‌లో విండోస్ పోలేదు. సీ డ్రైవ్‌లోని ఒక్క ఫైలు కూడా చెడలేదు. డీ డ్రైవ్‌లోని శుభలేఖలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయినవల్లా వాటి దగ్గరికి దారి చూపే కొన్ని వందల బైట్ల రాతలూ, ఒక చిన్న బూట్ పార్టిషనూ మాత్రమే. ‘విండోస్ పోయింది’ అన్న ఒక్క మాట కింద మనం నాలుగు వేర్వేరు జబ్బులను కలిపేస్తున్నాం. డిస్క్ అనే వస్తువే అరిగిపోవడం ఒకటి, పార్టిషన్ల పట్టిక చెడటం మరొకటి, పార్టిషన్ లోపలి ఫైల్ సిస్టమ్ (ఏ ఫైలు ఎక్కడుందో రాసుకొనే ఏర్పాటు) దెబ్బతినడం ఇంకొకటి, బూట్ ఫైళ్లు పోవడం వేరొకటి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను తిరిగి ఎక్కించడం వీటిలో చివరిదానికి మందే, అదీ అవసరానికి మించిన మోతాదులో. మొదటి దానికి అసలు మందే కాదు. మధ్యలోని రెండింటికీ, డేటా విషయంలో, విషంతో సమానం.

అడంగల్ చిరిగితే పొలం పోదు

ఆంధ్రలో అడంగల్ అనీ, తెలంగాణలో పహాణీ అనీ పిలిచే గ్రామ లెక్కలో ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం, ఎవరి అనుభవంలో ఉంది అని రాసి ఉంటుంది. ఆ కాగితం చిరిగితే పొలం గాలిలో కలిసిపోదు. గట్లూ, బోరూ, వేసిన పైరూ అన్నీ అక్కడే ఉంటాయి. పార్టిషన్ పట్టిక సరిగ్గా అలాంటి లెక్కే. ఫలానా పార్టిషన్ ఫలానా సెక్టారు (డిస్క్ మీద డేటా రాసే చిన్న గడి) దగ్గర మొదలై ఫలానా సెక్టారు దగ్గర ముగుస్తుందన్న వివరం తప్ప, లోపల ఏ ఫైళ్లున్నాయో దానికి తెలియదు. పార్టిషన్‌ను డిలీట్ చేస్తే పట్టికలోని ఆ వరుస మాత్రమే చెరుగుతుంది. అదే జాగాలో కొత్త విండోస్‌ను ఎక్కించడం మాత్రం కాగితం దిద్దడం కాదు, పైరు మీద ట్రాక్టరు తోలడం.

ఈ లెక్క రాసే పద్ధతులు రెండున్నాయి. పాతది ఎంబీఆర్. అది 1983లో, ఐబీఎం పీసీ ఎక్స్‌టీకి హార్డ్ డిస్క్ వచ్చిన కాలంలో, డాస్ 2.0తో పాటు పుట్టింది. డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టారు 512 బైట్లు. అందులో బూట్ కోడ్‌కు 446 పోగా, పట్టికకు మిగిలినవి 64 బైట్లు, చివరి రెండు గుర్తు కోసం. ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్ల చొప్పున నాలుగంటే నాలుగే ప్రైమరీ పార్టిషన్లు పడతాయి. సెక్టారు సంఖ్యను 32 బిట్లలో రాస్తుంది కనుక, 512 బైట్ల సెక్టార్ల లెక్కన రెండు టెరాబైట్లకు పైనున్న జాగాను అది చూడలేదు. అన్నిటికన్నా పెద్ద లోపం, ఆ పట్టికకు రెండో ప్రతి లేకపోవడం. ఆ ఒక్క సెక్టారు మీద ఏదైనా తప్పు రాత పడితే మొత్తం లెక్క పోయినట్టే.

కొత్తదైన జీపీటీ, ల్యాప్‌టాప్‌ను మేల్కొలిపే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్ యూఈఎఫ్‌ఐతో పాటు వచ్చింది. ఇందులో మామూలుగా 128 పార్టిషన్లకు చోటుంటుంది, పట్టిక చెడిందో లేదో తేల్చే చెక్‌సమ్ ఉంటుంది, అంతకన్నా ముఖ్యంగా పట్టిక మొత్తానికీ డిస్క్ చిట్టచివర మరో ప్రతి ఉంటుంది. డిస్క్ మొదలు చెడితే చివరి ప్రతి నుంచి తిరిగి రాయవచ్చు. అయితే ఇది ప్రమాదవశాత్తూ చెడినప్పుడే పనికొస్తుంది. మనం చేతులారా డిలీట్ చేసినప్పుడు టూల్ రెండు ప్రతులనూ బుద్ధిగా దిద్దేస్తుంది. ఆదేశాలు టైప్ చేసి పార్టిషన్లను దిద్దే విండోస్ పనిముట్టు డిస్క్‌పార్ట్‌లోని ‘క్లీన్’ అన్న ఆదేశం అయితే మొదలునీ చివరనీ కూడా తుడిచేస్తుంది. ఇంత పొట్టి మాట అంత పెద్ద పని చేసే ముందు ‘నిజంగానా?’ అని ఒక్కసారైనా అడగకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

పేరులేని ముక్కల పేర్లు

మా మేనకోడలి తప్పును నేను పెద్దగా ఎంచను. జీపీటీ డిస్క్ మీద విండోస్ తనకు తానే నాలుగు పార్టిషన్లు చేసుకుంటుంది. వాటిలో అక్షరం ఉన్నది ఒక్క సీ మాత్రమే. మొదటిది ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్. ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో ఉండే ఈ ముక్క కొన్నిటిలో 100 ఎంబీ, కొన్నిటిలో 260 ఎంబీ. ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మదర్‌బోర్డులోని యూఈఎఫ్‌ఐ ముందుగా తలుపు తట్టేది ఇక్కడే. విండోస్ బూట్ మేనేజర్ ఉండేది ఇక్కడే. దీని పక్కన 16 ఎంబీల రిజర్వ్‌డ్ పార్టిషన్ ఒకటి ఉంటుంది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అది కనిపించను కూడా కనిపించదు. తర్వాత సీ డ్రైవ్. దాని తర్వాత రికవరీ పార్టిషన్. విండోస్ బూట్ కానప్పుడు నీలం తెర మీద వచ్చే మరమ్మతు ఎంపికలన్నీ ఇందులోంచే వస్తాయి. తయారీ సంస్థలు కొన్ని తమ సొంత రికవరీ ముక్కను కూడా అదనంగా పెడతాయి.

సీని పెంచలేకపోవడానికి కారణం ఈ వరుసే. విండోస్ ఒక పార్టిషన్‌ను దాని కుడి పక్కనే, అంటుకొని ఉన్న ఖాళీ జాగాలోకి మాత్రమే పెంచగలదు. డీ డ్రైవ్‌ను కుదిస్తే ఖాళీ అయ్యేది డీకి కుడివైపున. అంటే పెరగాల్సిన సీకీ ఆ ఖాళీకీ నడుమ రికవరీ ముక్కా, డీ మొత్తమూ ఉంటాయి. అందుకే ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ అన్న మాట నొక్కడానికి వీల్లేకుండా మసకబారి ఉంటుంది. బయటి సాఫ్ట్‌వేర్లు డీని కుడికి జరిపి ఈ పని చేసిపెడతాయి. జరపడం అంటే పట్టికలో అంకె మార్చడం కాదు, వందల జీబీల డేటాను ఒక చోటి నుంచి మరో చోటికి గంటల తరబడి మోయడం. బ్యాటరీ చచ్చిన పాత ల్యాప్‌టాప్ మీద ఆ పని మొదలుపెట్టి మధ్యలో కరెంటు పోతే, సగం కొత్త చోట, సగం పాత చోట మిగిలిన ఆ డేటాను ఏ టూల్ అయినా పూర్తిగా బాగుచేస్తుందని చెప్పలేం.

పేరులేని ముక్కలను పనికిరానివిగా చూడటం మామూలు వాడుకరుల అలవాటు మాత్రమే కాదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ రికవరీ విభాగానికి ఒక భద్రతా అప్‌డేట్ విడుదల చేసింది. రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీల ఖాళీ లేని యంత్రాల్లో అది పదేపదే విఫలమైంది. ఆ పార్టిషన్‌ను చిన్నదిగా చేసింది చాలా చోట్ల విండోస్ సెటప్పే. దాన్ని పెంచుకోవడానికి మాత్రం వాడుకరులు డిస్క్‌పార్ట్‌లోకి దిగాల్సి వచ్చింది.

ముందుగా చూడాల్సింది డిస్క్ ఆరోగ్యం

బావగారి ల్యాప్‌టాప్ నా దగ్గరికి వచ్చాక మొదట పార్టిషన్ల జోలికి వెళ్లలేదు. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో, దేన్నీ ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా బూట్ చేసి, డిస్క్ తన గురించి తాను రాసుకొనే స్మార్ట్ నివేదికను చూశాను. అందులో ముఖ్యమైనవి రెండు అంకెలు. ఐదో నంబరు వరుస, చెడిపోయి బదులు సెక్టార్లకు మళ్లించినవి ఎన్నో చెబుతుంది. 197వ నంబరు వరుస, చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లు ఎన్నో చెబుతుంది. రెండోది సున్నా ఉండాలి. ఇక్కడ 16 ఉంది. అంటే దుకాణంలో అతను ఆ రోజు కొత్త విండోస్‌ను విజయవంతంగానే ఎక్కించి ఉన్నా, కొన్నాళ్లకే అది మళ్లీ మొరాయించే అవకాశం ఎక్కువ. అప్పుడు తప్పు విండోస్ మీదికి పోయేది.

అరుగుతున్న డిస్క్ మీద మరమ్మతు చేయకూడదన్నది ఇక్కడి మొదటి నియమం. ఫైల్ సిస్టమ్‌ను సరిచూసే చెక్‌డిస్క్ నడపడం అందరికీ తెలిసిన చిట్కా కానీ, అది కేవలం చూసే పనిముట్టు కాదు; సరిచేయమంటే డిస్క్ మీద రాస్తుంది, తనకు అర్థం కాని ముక్కలను విడదీసి వేరే ఫోల్డరులో పడేస్తుంది. ఫైల్ సిస్టమ్ ‘రా’ (ఏదో గుర్తుపట్టలేనిది) అని చూపిస్తున్నప్పుడు అయితే తన వల్ల కాదని వెనక్కి వస్తుంది. అలాంటప్పుడే విండోస్ ‘ఈ డ్రైవ్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అంటూ బటన్ కూడా చూపిస్తుంది. ఎంతో మంది డేటా పోయింది డిస్క్ చెడినందువల్ల కాదు, ఆ బటన్‌ను నమ్మినందువల్ల. హార్డ్ డిస్క్ మీద క్విక్ ఫార్మాట్ జరిగితే ఇంకా ఆశ ఉంటుంది. విస్టా నాటి నుంచి విండోస్‌లో ఫుల్ ఫార్మాట్ అంటే ప్రతి సెక్టారులోనూ సున్నాలు రాయడం, దాని తర్వాత చేయగలిగింది లేదు. చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ మీద క్విక్ ఫార్మాట్ కూడా ప్రమాదమే. ఈ జాగా ఇక అక్కర్లేదని ట్రిమ్ ఆదేశం వెళ్లగానే డ్రైవ్ లోపలి కంట్రోలరు దాన్ని తీరిక చూసుకొని తుడిచేస్తుంది.

డీడీరెస్క్యూతో డిస్క్ మొత్తాన్ని రెండు టెరాబైట్ల బయటి డిస్క్ మీదికి ప్రతి తీశాను. ఈ పనిముట్టు గుణం ఏమిటంటే, సజావుగా చదవగలిగే భాగాలను ముందుగా తెచ్చేసుకొని, మొండికేసే చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైలులో రాసుకుంటుంది కనుక మధ్యలో ఆపినా నష్టం లేదు. రాత్రంతా నడిచింది. పొద్దున ఆ ప్రతి మీద టెస్ట్‌డిస్క్ నడిపాను. పోయిన పార్టిషన్లను అది ఎలా వెతుకుతుందో చూస్తే అడంగల్ పోలిక మళ్లీ గుర్తొస్తుంది: లెక్క పోయినా పొలం గట్టు రాళ్లు ఉంటాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫైల్ సిస్టమ్) ఉన్న ప్రతి పార్టిషన్‌కూ మొదట్లో ఒక బూట్ సెక్టారు, చివర్లో దాని నకలు ఉంటాయి. తన పరిమాణం ఎంతో అందులోనే రాసి ఉంటుంది. టెస్ట్‌డిస్క్ డిస్క్ మీద నడుచుకుంటూ ఆ రాళ్లను పోల్చి, రెంటికీ మధ్య దూరం సరిపోతే ఇదిగో పార్టిషన్ అంటుంది. డీ డ్రైవ్ వరుస కనిపించాక వెంటనే పట్టికను రాసేయకుండా, ముందు దానిలోని ఫైళ్ల జాబితాను చూపించమన్నాను. ఏడేళ్ల పెళ్లిళ్ల పేర్లు ఒక్కొక్కటిగా తెర మీదికి రావడం మొదలైంది. వాటిని చూశాకే పట్టికను రాయించాను, అది కూడా ప్రతి మీద. డిలీట్ తర్వాత డిస్క్ మీద ఇంకేమీ రాయకపోవడం వల్ల ఫోల్డర్ల పేర్లతో సహా అన్నీ దొరికాయి.

నిజానికి డిస్క్ ఆరోగ్యంగా ఉండి ఉంటే విండోస్‌ను తిరిగి ఎక్కించాల్సిన పనే లేదు. డిస్క్ మొదట్లోని ఖాళీలో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను మళ్లీ సృష్టించి, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, విండోస్ పెన్‌డ్రైవ్‌లోని కమాండ్ ప్రాంప్ట్ నుంచి బీసీడీబూట్ ఆదేశాన్ని నడిపితే, సీలో ఉన్న విండోస్ తన బూట్ ఫైళ్లను తానే అందులో రాసుకుంటుంది. పది నిమిషాల పని. దుకాణాల్లో దీన్ని చేయకపోవడానికి తెలియకపోవడం ఒక్కటే కారణం అనుకోను. ఫార్మాట్‌కు ఇంత అని రేటు ఉంటుంది. ‘దారి సరిచేశాను’ అన్నదానికి రేటు చెప్పడం కష్టం.

ఇక ఎక్కించడం

ఇక్కడ డిస్కే అరిగింది కనుక, ల్యాప్‌టాప్‌లో ఖాళీగా ఉన్న ఎం.2 స్లాటులో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టాం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక విండోస్ 11 ఎక్కించడమే సబబు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్‌కు వీలున్న యూఈఎఫ్‌ఐ కావాలి. ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ కావడంతో ఈ ల్యాప్‌టాప్ అర్హత జాబితాలో చేరింది. కనీసం 8 జీబీల పెన్‌డ్రైవ్‌ను మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో తయారు చేసుకుంటే చాలు. బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ కొన్నిసార్లు రెండు వరుసలుగా కనిపిస్తుంది; పేరుకు ముందు యూఈఎఫ్‌ఐ అని ఉన్న వరుసనే ఎంచుకోవాలి. దుకాణంలో తలెత్తిన జీపీటీ తగాదా మొత్తం ఆ మాట లేని వరుసను ఎంచుకోవడం వల్ల వచ్చిందే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్‌ను ఊడదీసి పక్కన పెట్టాం. ఇది చాదస్తం కాదు. రెండు డిస్కులున్నప్పుడు, మొదటి దాని మీద ఈఎఫ్‌ఐ పార్టిషన్ అప్పటికే ఉంటే, సెటప్ కొత్త విండోస్‌ను ఎస్‌ఎస్‌డీ మీద పెట్టి బూట్ ఫైళ్లను మాత్రం ఆ పాత డిస్క్ మీదే రాసే సందర్భాలున్నాయి. ఆరు నెలల తర్వాత ఆ డిస్క్ చచ్చినప్పుడు, నిక్షేపంలా ఉన్న ఎస్‌ఎస్‌డీ కూడా బూట్ కాదు.

ఒకే డిస్క్ ఉండి, డీని కాపాడుకుంటూ సీలో మాత్రమే ఎక్కించాల్సి వస్తే అసలు పరీక్ష పార్టిషన్లు చూపించే తెర దగ్గరే. అక్కడ సీ, డీ అన్న అక్షరాలు ఉండవు. డిస్క్ 0 పార్టిషన్ 3, డిస్క్ 0 పార్టిషన్ 5 అని నంబర్లు, పక్కన పరిమాణాలు ఉంటాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో చూసినా అక్షరాలను నమ్మడానికి లేదు, పెన్‌డ్రైవ్‌తో బూట్ అయినప్పుడు సీ కాస్తా డీగా మారి కనిపించవచ్చు. అందుకే పని మొదలుపెట్టే ముందే ఏ పార్టిషన్ ఎన్ని జీబీలో కాగితం మీద రాసుకొని, తెర మీద ఆ అంకెతోనే పోల్చుకోవాలి. సీ పార్టిషన్‌ను ఫార్మాట్ చేయకుండా నేరుగా ఎంచుకుంటే, పాత ఫైళ్లు విండోస్.ఓల్డ్ అన్న ఫోల్డరులోకి వెళ్తాయి. డెస్క్‌టాప్ మీద మరిచిపోయినవి తెచ్చుకోవడానికి అది ఆసరా. కొన్ని కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఈ తెర మీద డిస్కే కనిపించదు. డిస్క్ పోయిందని కంగారు పడనక్కర్లేదు. స్టోరేజీ డ్రైవర్‌ను తయారీదారు సైటు నుంచి పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చి ‘లోడ్ డ్రైవర్’ దగ్గర చూపిస్తే ప్రత్యక్షమవుతుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లకు మరో మెలిక ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా యంత్రాల్లో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, వాడేవారికి ఆ సంగతే తెలియదు. అలాంటి డిస్క్ మీద టెస్ట్‌డిస్క్ గట్టు రాళ్లను చూపించినా, లోపలిది 48 అంకెల రికవరీ కీ లేకుండా చదవలేం. ఆ కీ సాధారణంగా అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది; ల్యాప్‌టాప్ పని చేస్తున్నప్పుడే చూసి రాసి పెట్టుకోవడం తెలివైన పని. విండోస్ కీ గురించి మాత్రం దిగులక్కర్లేదు. విండోస్ 8 కాలం నుంచి ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. డిస్క్ మార్చినా, నెట్ తగలగానే బావగారి విండోస్ తనంతట తానే యాక్టివేట్ అయింది.

కొత్త ఎస్‌ఎస్‌డీని సీ, డీగా చీల్చలేదు. విండోస్ 98, ఎక్స్‌పీ రోజుల్లో ఏడాదికోసారి ఓఎస్ ఎక్కించాల్సి వచ్చేది కనుక ఆ విభజనకు అర్థం ఉండేది. కానీ రెండూ ఒకే డిస్క్ మీదున్నప్పుడు డీలో దాచినంత మాత్రాన అది బ్యాకప్ కాదు. సీ ఇరుకై డీ ఖాళీగా ఉండటమే కదా ఈ తంటా అంతటికీ మొదలు. శుభలేఖల ప్రతి బయటి డిస్క్ మీద ఉంది. ప్రతి శనివారం దాన్ని తగిలించే బాధ్యత మా మేనకోడలిది.

అన్నీ అయ్యాక బావగారు ఒక పాత శుభలేఖ ఫైలు తెరిస్తే, ‘చి.ల.సౌ.’ ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలూ, కామాలూ, బ్రాకెట్లూ కలగాపులగంగా కనిపించాయి. ఆయన ముఖం పాలిపోయింది. ఫైలు చెడలేదు. డీటీపీలో వాడే అనూ ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు అచ్చులూ హల్లులూ పెట్టుకున్నవి. ఆ ఫాంటు లేని చోట లోపలి ఇంగ్లిషు గుర్తులే బయటపడతాయి. శుభలేఖలు డీలో ఉన్నా, వాటిని తెలుగుగా చూపించే ఫాంట్లు ఇన్నాళ్లూ ఉన్నది సీలోని విండోస్ ఫోల్డరులో. అదృష్టవశాత్తూ పాత సీ డ్రైవ్‌ను ఆ రోజు దుకాణంలో ఎవరూ ఫార్మాట్ కొట్టలేదు. బయటి డిస్క్ మీదున్న దాని ప్రతిలోంచి ఫాంట్లను తెచ్చి ఎస్‌ఎస్‌డీలో వేశాక, అదే ఫైలును మూసి మళ్లీ తెరిస్తే వధూవరుల పేర్లు ఉన్నవి ఉన్నట్టుగా కనిపించాయి.